పేలడం, అంటడం: పెదవిపొక్కుల వైద్యచరిత్రలో రెండు భావనలు

వ్యాససంగ్రహం: జ్వరం వెంట పెదవిపై లేచే పొక్కులను తెలుగువారు 'మూతి పేలింది' అంటారు. ఈ క్రియలో వ్యాధి లోపలి నుంచి బయటపడిందన్న భావన ఉంది. వైరస్ శాస్త్రం దీనిని అంటువ్యాధిగా చెబుతుంది. పాశ్చాత్య వైద్యచరిత్రలోనూ ఈ రెండు భావనలు దీర్ఘకాలం ఎదురెదురుగా నిలిచి, 1971 నాటి గుప్తవైరస్ ప్రయోగంతో ఒకచోట కలిశాయి. ఆ క్రమాన్నీ, దానితో ముడిపడిన చికిత్సాచరిత్రనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పెదవిపొక్కులు, హెర్పిస్, విసర్పం, గుప్తావస్థ, త్రిధార నాడి, ఎసైక్లోవిర్, వైద్యచరిత్ర.

ఉపోద్ఘాతం

జ్వరం తగ్గుముఖం పట్టే వేళ పెదవి అంచు చిమచిమలాడుతుంది. మరునాటికి అక్కడ చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. అవి పగిలి, రసి కారి, పక్కు కట్టి, వారం పది రోజులలో సాధారణంగా మచ్చ కూడా మిగల్చకుండా మానిపోతాయి. కొన్ని నెలలకో, ఏడాదికో ఇంచుమించు అదే చోట మళ్ళీ లేస్తాయి. ఇంత పరిచితమైన రుగ్మతకు మన వాడుకలో గట్టి నామవాచకమేదీ స్థిరపడలేదు. దానికి ఉన్నది క్రియ. 'మూతి పేలింది', 'జ్వరం పేలింది' అంటాం.

'పేలు' అనే ధాతువు వాడుకను గమనించాలి. మంగలంలో వేడెక్కిన ధాన్యం పేలి పేలాలవుతుంది. ఎండకు ఒళ్ళు పేలుతుంది, చెమటకాయలు పేలుతాయి. లోపల కూడిన వేడి పైపొరను చీల్చుకుని బయటకు వచ్చిందన్న ఊహ ఈ ప్రయోగాలన్నింటిలో ఉంది. 'వేడి చేసింది' అన్న వివరణ దానికి తోడు. ఆటలమ్మ, తట్టు విషయంలో మాత్రం మనం 'పోసింది' అంటాం. అక్కడ కర్త మనిషికి వెలుపల ఉన్న శక్తి. గజ్జి, కండ్లకలక వంటివి 'అంటుకుంటాయి'. మూతి అంటుకుందని ఎవరూ అనరు.

భాషలోని ఈ ఎంపిక మనకే పరిమితమైన అమాయకత్వం కాదని చూపడం ఈ వ్యాసం తొలి ఉద్దేశం. గ్రీకు, రోమన్ వైద్యుల నుంచి పందొమ్మిదో శతాబ్దపు ఆసుపత్రి వైద్యుల దాకా అధికసంఖ్యాకులు దీనిని 'పేలడం'గానే చూశారు. 'అంటడం' నిరూపితమైన తరువాత కూడా 'పేలడం' ఓడిపోలేదు. ఎందుకు ఓడిపోలేదన్నది ఈ వ్యాధి చరిత్రలో నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. దానికి సమాధానం దొరకడానికి నాడీశస్త్రవైద్యుల కత్తీ, ఎలుకల కాళ్ళూ కావలసివచ్చాయి.

పాకే పేరు

'హెర్పిస్' అన్న గ్రీకు పదానికి 'పాకునది' అని వ్యుత్పత్తి. పాకుట అనే అర్థంలోని గ్రీకు 'హెర్ప్' ధాతువు, సంస్కృత 'సృప్' ధాతువు, లాటిన్ 'సెర్ప్' ధాతువు ఒకే ఇండో-యూరోపియన్ మూలానివి. పదాదిలోని సకారం గ్రీకులో హకారమైంది. సప్తకు హెప్త ఎలాగో సర్పకు హెర్ప అలాగ. కాబట్టి చరకసంహిత చికిత్సాస్థానంలోని 'విసర్ప' శబ్దానికీ, హిపోక్రటీసు సంప్రదాయ గ్రంథాలలోని 'హెర్పిస్' శబ్దానికీ ఉన్నది సోదరసంబంధం. ఒడ్డాణంలా నడుము చుట్టే పొక్కులను తెలుగువారు 'సర్పి' అనడం, కన్నడిగులు 'సర్పసుత్తు' అనడం ఈ ధాతువు సంతతే.

పదాలు దాయాదులైనంత మాత్రాన వ్యాధులు ఒకటి కావు. ఈ తప్పు మన వైద్యచరిత్ర రచనల్లో తరచుగా కనిపిస్తుంది. చరకుడు వర్ణించిన విసర్పం జ్వరంతో, దాహంతో, దేహమంతటా వేగంగా వ్యాపించే తీవ్రరోగం. ఆధునిక వ్యాఖ్యాతలు దానిని ఎక్కువగా ఎరిసిపెలస్ అనే చర్మపు బాక్టీరియా వ్యాధితో పోలుస్తారు. హిపోక్రటీసు కాలపు హెర్పిస్ కూడా పాకుతూ విస్తరించే అనేక వ్రణాలకు ఉమ్మడి పేరే.

పెదవిపొక్కులకు దగ్గరి వర్ణన కావాలంటే విసర్పాధ్యాయాన్ని వదిలి సుశ్రుతసంహితలోని ముఖరోగనిదానాన్ని చూడాలి. అక్కడ అరవై ఐదు ముఖరోగాలలో ఎనిమిది ఓష్ఠగతాలు. వాటిలో పిత్తజమైన ఓష్ఠప్రకోపంలో ఆవగింజల వంటి పిటికలు పెదవులను కమ్ముకుంటాయనీ, మంట, పాకం, స్రావం ఉంటాయనీ సుశ్రుతుడు చెబుతాడు. ఆవగింజల పోలిక, మంట, రసి కారడం మూడూ మన పొక్కులకు సరిపోతాయి. అవి గుత్తిగా లేస్తాయన్న మాట, మళ్ళీ మళ్ళీ వస్తాయన్న మాట అందులో లేవు. ఇది పెదవిపొక్కుల వర్ణనే అని నిర్ధారించడానికి ఈ ఆధారం చాలదు. అయితే కారణంగా పిత్తాన్ని, అంటే దేహోష్మానికి ఆశ్రయమైన దోషాన్ని చెప్పడం గమనార్హం. మన 'వేడి చేసింది' అన్న మాటకు శాస్త్రగ్రంథంలో ఉన్న వేరు ఇదే కావచ్చు.

రోమునగరంలో జ్వరం, ముద్దు

క్రీ.శ. 100 ప్రాంతంలో రోములో వైద్యం చేసిన హెరడోటస్ జ్వరం విడిచే వేళ నోటి చుట్టూ పొక్కులు లేస్తాయని గుర్తించాడు. (ఈయన చరిత్రకారుడు హెరడోటస్ కాడు. వారి నడుమ అయిదు శతాబ్దాలకు పైగా దూరం ఉంది.) జ్వరం పతాకస్థాయికి చేరి దేహం దుష్టద్రవాన్ని బయటకు తోసివేసే ఘట్టాన్ని గ్రీకు వైద్యం ప్రత్యేకంగా లెక్కించేది. ఆ సిద్ధాంతంలో పెదవిపొక్కు శుభసూచకం, లోపలిది బయటపడిందన్న గుర్తు. తెలుగు ఇల్లాలు 'జ్వరం పేలింది, ఇక తగ్గిపోతుంది' అన్నప్పుడు ఆమె తర్కమూ ఇదే.

ఇక రోముకు సంబంధించి వైద్యపత్రికల్లోనూ జనరంజక రచనల్లోనూ తిరిగే కథ మరొకటి ఉంది. పెదవిపొక్కులు వ్యాపించడంతో టైబీరియస్ చక్రవర్తి బహిరంగంగా ముద్దుపెట్టుకోవడాన్ని నిషేధించాడన్నది ఆ కథ. వైద్యవ్యాసాల ప్రవేశికలలో ఇది ఒకరి నుంచి మరొకరికి సంక్రమిస్తూ వస్తోంది. మూలాలను చూస్తే రెండు వేరు వేరు వాక్యాలు కలిసి ఒక కథ అయిన తీరు తెలుస్తుంది. టైబీరియస్ నిత్యం ముద్దులతో పలకరించుకునే ఆచారాన్ని శాసనంతో ఆపించాడని సూటోనియస్ రాశాడు. కారణంగా ఏ వ్యాధినీ పేర్కొనలేదు. అదే వాక్యంలో కొత్త సంవత్సరపు కానుకల ఆచారానికి హద్దు పెట్టిన సంగతీ ఉంది. మరోవైపు ప్లినీ తన ప్రకృతిచరిత్రలో గడ్డం దగ్గర మొదలై ముఖమంతా పాకే 'మెంటగ్రా' అనే కొత్త వ్యాధిని వర్ణించి, అది ఉన్నతకులీనులలో ముద్దుల ద్వారా వ్యాపించిందన్నాడు. ఆ వ్యాధిలో ముఖం పొలుసులు కట్టేది. చికిత్సగా కాల్చిన చోట వికారమైన మచ్చలు మిగిలేవి. వైద్యులను ఈజిప్టు నుంచి రప్పించారు. పది రోజులలో మచ్చలేకుండా మానే పొక్కులకు ఈజిప్టు వైద్యులతో పని లేదు. పైగా ప్లినీ చెప్పిన పాలకుడు 'టైబీరియస్ క్లాడియస్ సీజర్'. ఆ పేరు క్లాడియస్ చక్రవర్తికీ వర్తిస్తుంది. కాబట్టి ఈ కథను పెదవిపొక్కుల చరిత్ర నుంచి తొలగించడమే మంచిది. వ్యాధి అంటుకునేదని పూర్వులకు తెలుసునని చెప్పాలన్న ఆధునికుల ఆతురత ఈ కథకు ప్రాణం పోసింది.

పట్టికలోకి ఎక్కిన వ్యాధి

పదిహేడు శతాబ్దాల పాటు హెర్పిస్ అన్న పేరు అనేక చర్మరోగాలను మోసింది. లండను వైద్యుడు రాబర్ట్ విల్లన్ చర్మరోగాలను వాటి మూలకారణాన్ని బట్టి గాక, చర్మంపై కనిపించే రూపాన్ని బట్టి విభజించాడు. ఆయన 1812లో మరణించగా, శిష్యుడు థామస్ బేట్‌మన్ 1813లో ఆ విభజనను పూర్తిచేసి ప్రచురించాడు. ఎర్రబారిన చోట గుత్తులుగా లేచి, కొద్ది దినాలలో క్రమబద్ధంగా మానిపోయే నీటిపొక్కులకే హెర్పిస్ అన్న పేరు మిగిలింది. పెదవిపై వచ్చేది 'హెర్పిస్ లేబియాలిస్' అయింది. నేటికీ అదే పేరు. బేట్‌మన్ తామరను కూడా ఇదే కుటుంబంలో చేర్చాడు. రూపాన్ని మాత్రమే నమ్మే పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడ కనిపిస్తాయి.

ఆ శతాబ్దమంతా పెదవిపొక్కు ఆసుపత్రి వైద్యునికి ఒక సూచిక. న్యుమోనియా, మలేరియా రోగులలో తరచుగా కనిపిస్తుంది, టైఫాయిడ్‌లో అరుదు. జ్వరం ఏ జాతిదో తేల్చే పరీక్షలు లేని రోజులలో ఈ తేడాకు విలువ ఉండేది. 1892లో వెలువడిన విలియం ఆస్లర్ పాఠ్యగ్రంథం దాన్ని విద్యార్థులకు అందించింది. అప్పటికి పొక్కు ఇంకా జ్వరం చేతిరాతగానే చదవబడుతోంది, దానికంటూ స్వతంత్ర కారణం ఉందని ఎక్కువమంది అనుకోలేదు.

నిజానికి అంతకు ముందే, 1873లో, ఫ్రాన్సులో ఎమిల్ విడాల్ పొక్కులలోని ద్రవాన్ని మనుషుల చర్మంలోకి ఎక్కించి కొత్త పొక్కులు లేపగలిగాడు. ఈ ప్రయోగానికి రావలసినంత గుర్తింపు రాలేదు. కారణం ఊహించవచ్చు. ఒంటరిగా జ్వరపడి, ఏ రోగినీ తాకకుండానే మూతి పేలించుకునేవారిని ప్రతి వైద్యుడూ నిత్యం చూస్తున్నాడు. అంటువ్యాధి అయితే ఎవరి నుంచి అంటింది? ఈ ఆక్షేపణ బలమైనది. దానికి విడాల్ దగ్గర సమాధానం లేదు.

కుందేలు కన్ను, రక్తంలోని వైరుధ్యం

సమాధానం వైపు తొలి అడుగు నేత్రవైద్యుల నుంచి పడింది. ఇదే వ్యాధి కంటి శుక్లపటలంపై కొమ్మల ఆకారంలో పుండు లేపుతుంది. మార్బుర్గ్ నగరపు నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ గ్రూటర్ మొదటి ప్రపంచయుద్ధానికి ముందే ఆ పుండు నుంచి తీసిన పదార్థాన్ని కుందేలు కంటిలో ఉంచి, అక్కడ అదే వ్యాధిని పుట్టించాడు. యుద్ధం వల్ల ఆయన వివరణాత్మక ప్రచురణ 1920 దాకా ఆగింది. ఈలోగా 1919లో లోవెన్‌స్టైన్ పెదవిపొక్కుల ద్రవంతోనూ అదే జరుగుతుందని ప్రకటించాడు. 1921లో వియన్నాలో లిప్‌షుట్జ్ వ్యాధిసోకిన కణాల కేంద్రకాలలో ప్రత్యేకమైన బింబాలను వర్ణించాడు. పెదవిపొక్కు అంటువ్యాధి అన్నది ఆ మూడేళ్ళలో స్థిరపడింది.

అప్పుడే కథ చిక్కుపడింది. సాధారణంగా అంటువ్యాధి ఒకసారి వచ్చిపోతే రక్తంలో ప్రతిరక్షకాలు మిగిలి, మళ్ళీ రాకుండా కాపాడాలి. 1930లో ఇంగ్లండులో ఆండ్రూస్, కార్మైకేల్ పెద్దల రక్తాన్ని పరీక్షించారు. ఈ వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ఎవరిలో ఉన్నాయో వారికే పొక్కులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. లేనివారికి రావడం లేదు. రక్షణ ఉన్నవాడే రోగి.

ఈ వైరుధ్యాన్ని విప్పినది పిల్లల వ్యాధి. 1938లో డాడ్, ఆమె సహచరులు చంటిపిల్లలకు వచ్చే తీవ్రమైన నోటిపూతలో ఇదే వైరస్ ఉందని కనుగొన్నారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో మెక్‌ఫర్లేన్ బర్నెట్, విలియమ్స్ రెండింటినీ కలిపి చూశారు. వైరస్ చిన్నతనంలోనే, ఎక్కువగా ఇంటివారి నుంచే, అంటుతుంది. కొందరికి నోటిపూతగా, అధికసంఖ్యాకులకు ఏ లక్షణమూ లేకుండానే వచ్చిపోతుంది. కానీ దేహాన్ని విడిచిపోదు. జ్వరం, ఎండ, అలసట వంటివి దానిని మేల్కొల్పుతాయి. పెద్దవాడి పెదవిపై పేలినది ఆనాడు అంటినదే. 'ఎవరి నుంచి అంటింది' అన్న పాత ఆక్షేపణకు జవాబు దొరికింది. అయితే మరొక ప్రశ్న మిగిలింది. రెండు పేలుళ్ళ నడుమ, చర్మం పూర్తిగా శుభ్రంగా ఉన్న నెలలలో, ఆ వైరస్ ఎక్కడుంటుంది?

నాడిని కోసిన చోట

దీనికి ఆధారం అప్పటికే శస్త్రవైద్య గ్రంథాలలో నిద్రపోతోంది. ముఖంలో విద్యుద్ఘాతం వంటి భరించరాని నొప్పి పుట్టించే త్రిధార నాడీశూలకు అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఆ నాడి మూలంలోని నాడీకణగుచ్ఛంపై శస్త్రచికిత్స చేసేవాడు. తదుపరి దినాలలో రోగుల పెదవుల దగ్గర, ముక్కు దగ్గర పొక్కులు లేవడాన్ని ఆయన 1905లోనే నమోదు చేశాడు. జ్వరంతో నిమిత్తం లేకుండా, కత్తి తాకిన నాడి ఏలే ప్రాంతంలోనే పొక్కులు వచ్చాయి.

1923లో గుడ్‌పాశ్చర్, టీగ్ కుందేళ్ళలో ఈ వైరస్ నాడీతంతువుల వెంట ప్రయాణించి మెదడును చేరుతుందని చూపారు. గుడ్‌పాశ్చర్ 1929లో ఒక అడుగు ముందుకు వేసి, వైరస్ నాడీకణగుచ్ఛాలలో గుప్తంగా ఉండి తిరిగి చర్మానికి వస్తుందని ప్రతిపాదించాడు. ప్రతిపాదన సరైనదే. నిరూపణకు నలభై ఏళ్ళు పట్టింది.

1952లో కార్టన్, కిల్‌బోర్న్ త్రిధార నాడి సంవేదనామూలాన్ని కోయించుకున్న రోగులను వరుసగా పరిశీలించారు. అధికసంఖ్యాకులకు కొద్ది దినాలలో పొక్కులు లేచాయి. మరుసటి ఏడాది కార్టన్ ఇంకొక సంగతి చూపాడు. పూర్వమే నాడి దెబ్బతిని స్పర్శ పోయిన చోట అవి లేవలేదు. పెదవి చర్మంలోనే వైరస్ దాగి ఉండి ఉంటే నాడి ఉన్నా లేకపోయినా పేలాలి. నాడీమార్గం తెగితే పేలకపోవడాన్ని బట్టి వైరస్ చర్మానికి ఆ మార్గం గుండా రావాలి. శస్త్రవైద్యుడు చేసిన పని ఇక్కడ తెలియకుండానే ప్రయోగమైంది. వైరస్ శాస్త్రజ్ఞులకు ఈ పరిశీలనలు చేరడంలో జరిగిన ఆలస్యం, ఒక శాఖ గ్రంథాలను మరొక శాఖవారు చదవకపోవడం వల్ల కలిగే నష్టానికి మంచి ఉదాహరణ.

కడపటి నిరూపణ 1971లో లాస్ ఏంజెలెస్‌లో జాక్ స్టీవెన్స్, మార్జొరీ కుక్ చేశారు. వారు ఎలుకల వెనుక పాదాలలో వైరస్ ఎక్కించారు. బతికిన ఎలుకలు వ్యాధి నుంచి కోలుకున్న తరువాత వాటి వెన్నెముక పక్కనున్న నాడీకణగుచ్ఛాలను తీసి నూరి వెదికితే వైరస్ కనబడలేదు. అవే గుచ్ఛాలను నూరకుండా, ప్రాణమున్న కణజాలంగానే పోషకద్రవంలో ఉంచితే కొన్ని దినాలకు వైరస్ పుట్టుకువచ్చింది. నూరినప్పుడు లేనిది, బతికించినప్పుడు ఉంది. అంటే వైరస్ అక్కడ కణరూపంలో లేదు. తన జన్యుపదార్థంగా మాత్రమే నాడీకణ కేంద్రకంలో మౌనంగా ఉంది. గుప్తావస్థ అన్న మాటకు మొదటిసారి భౌతికార్థం ఏర్పడింది. 1972, 1973 సంవత్సరాలలో వెలువడిన పరిశీలనలు, ఇతర కారణాలతో మరణించిన మనుషుల త్రిధార నాడీకణగుచ్ఛాలలోనూ ఇదే పద్ధతిలో వైరస్‌ను లేపాయి.

సర్పి విషయంలో ఇటువంటి ఊహను ఇంగ్లండులోని సిరెన్‌సెస్టర్‌కు చెందిన సాధారణ వైద్యుడు హోప్-సింప్సన్ 1965లోనే, తన రోగుల నమోదుల ఆధారంగా, సిద్ధాంతీకరించాడు. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్సే నాడీకణగుచ్ఛాలలో దాగి, ముసలితనంలో సర్పిగా బయటపడుతుంది. అది పెదవిపొక్కుల వైరస్‌కు దగ్గరి చుట్టం, అదే కాదు. తెలుగులో 'పోసినది' ఒక పేరుతో, 'పాకినది' మరొక పేరుతో ఉన్న రెండు వ్యాధులు ఒకే వైరస్ రెండు దశలు.

ఇప్పుడు మన క్రియలకు తిరిగి వస్తే, 'పేలింది' అన్న ప్రయోగం వ్యాధిమార్గాన్ని సరిగానే చెప్పింది. పొక్కు నిజంగానే లోపలి నుంచి బయటకు వస్తుంది. జ్వరమూ ఎండా నిజంగానే దాన్ని లేపుతాయి. 1991లో వెలువడిన ఒక పరీక్షలో 38 మంది రోగుల పెదవులపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తే, ఉత్తుత్తి లేపనం పూసుకున్నప్పుడు 27 మందికి పొక్కులు లేచాయి. ఎండను ఆపే లేపనం పూసుకున్నప్పుడు ఒక్కరికీ లేవలేదు. 'ఎండకు పేలింది' అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 'పేలడం' అన్న భావన మరచినది ఒక్కటే: బయటకు వచ్చినది అక్కడితో ఆగక ఇంకొకరికి అంటుతుందని.

తనంతట మానే వ్యాధికి మందు

చికిత్సాచరిత్రకారుడికి పెదవిపొక్కు పెద్ద పరీక్ష. పది రోజులలో ఏ మందూ లేకుండా మానే వ్యాధికి ఏ మందు పూసినా మానుతుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడికి ఏదో ఒక చికిత్స చేసిన తరువాత ఆరు నెలలు రాకపోవడం వింత కాదు. రోగి, వైద్యుడు ఇద్దరూ నిజాయితీగానే మోసపోతారు.

దీనికి గంభీరమైన ఉదాహరణ మశూచి టీకా. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో మళ్ళీ మళ్ళీ పొక్కులు వచ్చేవారికి మశూచి టీకాను పదేపదే వేయడం పాశ్చాత్యదేశాలలో వాడుక. రెండు వైరస్‌లకూ బంధుత్వం లేదు. 1959లో ఉత్తుత్తి టీకాతో పోల్చి చూసిన పరీక్షలో ఆ చికిత్సకు ప్రత్యేక ప్రయోజనమేదీ తేలలేదు. అయినా అలవాటు వెంటనే పోలేదు. 1973లో న్యూట్రల్ రెడ్ అనే రంగును పొక్కులపై పూసి కాంతిని ప్రసరింపజేసే పద్ధతి ఆశలు రేపింది. 1975లో జరిగిన నియంత్రిత పరీక్ష దాన్ని నిష్ప్రయోజనమని తేల్చింది. మన ఇళ్ళలో పూసే నెయ్యి, చందనం పక్కును మెత్తబరచి ఉపశమనం ఇవ్వవచ్చు, వాటితో హాని తక్కువ. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ లేపనాల సంగతి వేరు. అవి ఎరుపును తగ్గించి రోగిని సంతోషపెడుతూనే వైరస్‌కు దారి ఇస్తాయి. కంటికి సోకినప్పుడు ఒంటరిగా వాడిన స్టెరాయిడ్ చుక్కలు చూపునే హరించవచ్చు.

వైరస్‌పై నేరుగా పనిచేసిన తొలి ఔషధం ఐడాక్సురిడిన్. దానిని విలియం ప్రూసాఫ్ 1959లో తయారుచేశాడు. 1962లో హెర్బర్ట్ కాఫ్‌మన్ దానితో కంటి హెర్పిస్‌ను నయం చేశాడు. అది వైరస్‌కూ మన కణాలకూ ఉన్న తేడాను బాగా గుర్తించలేదు. అందుకే దాని వాడుక కంటి ఉపరితలానికే ఎక్కువగా పరిమితమైంది. ఆ తేడాను గుర్తించినది ఎసైక్లోవిర్. బరోస్ వెల్‌కమ్ సంస్థలో హోవర్డ్ షాఫర్ బృందం రూపొందించిన ఈ అణువు ఎలా పనిచేస్తుందో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం 1977లో వివరించింది. మందుగా మింగినది నిష్క్రియమైన పదార్థం. వైరస్ తన అవసరానికి తయారుచేసుకునే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని తొలి మెట్టులో చైతన్యపరుస్తుంది. అలా మేల్కొన్న మందు వైరస్ జన్యుపదార్థం తయారీని ఆపుతుంది. వైరస్ లేని కణంలో మందు దాదాపు నిద్రలోనే ఉంటుంది. ఈ పరిశోధనలతో సహా తన జీవితకృషికి ఎలియన్ 1988లో నోబెల్ బహుమతిని పంచుకుంది.

ఈ యంత్రాంగంలోనే మందు పరిమితి కూడా ఉంది. నాడీకణంలో నిద్రించే వైరస్ ఆ ఎంజైమును తయారుచేయదు. కాబట్టి ఎసైక్లోవిర్ దాన్ని తాకలేదు. పెదవిపై పొక్కు విచ్చుకునే నాటికి వైరస్ వృద్ధి దాదాపు పతాకస్థాయికి చేరి ఉంటుంది. కనుక చిమచిమ మొదలైన గంటలలోనే వేసుకున్న మందుకే ప్రయోజనం. ఎసైక్లోవిర్ నుంచి వచ్చిన వాలాసైక్లోవిర్‌ను పెద్దలకు పన్నెండు గంటల తేడాతో రెండు గ్రాముల చొప్పున రెండుసార్లు, ఒక్కరోజే ఇచ్చే పద్ధతిని 2003లో ప్రచురితమైన పరీక్షలు సమర్థించాయి. లాభం ఎంత అంటే, వ్యాధికాలం సుమారు ఒక రోజు తగ్గింది. నోబెల్ బహుమతి పొందిన విజ్ఞానం సాధారణ పెదవిపొక్కులో ఇచ్చేది ఒక రోజు. కంటి వ్యాధిలో, మెదడువాపులో, నవజాతశిశువులో అదే మందు చూపునూ ప్రాణాన్నీ నిలబెడుతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మోతాదు మార్చాలి కనుక వైద్యుని సలహా తప్పనిసరి. రెండు వారాలైనా మానని పొక్కు, కన్ను ఎర్రబడి నొప్పెట్టడం, కాన్సర్ చికిత్స వంటి వాటితో రోగనిరోధకశక్తి తగ్గిన స్థితి, ఈ మూడూ ఇంటివైద్యానికి లొంగేవి కావు.

పేరు తెచ్చిన అపకీర్తి

1960ల నుంచి ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయని తేలింది. మొదటిది ఎక్కువగా నోటికి, రెండవది ఎక్కువగా జననాంగాలకు సంబంధించినదన్న విభజన స్థిరపడింది. ఆ సరిహద్దు ఎన్నడూ గట్టిది కాదు. మొదటి రకమే నేడు అనేకుల జననాంగ వ్యాధికి కారణమవుతోంది. 1982 ఆగస్టులో టైమ్ పత్రిక జననాంగ హెర్పిస్‌ను నైతిక కళంకంగా చిత్రిస్తూ ముఖపత్ర కథనం ప్రచురించింది. ఎసైక్లోవిర్ లేపనానికి అమెరికాలో అనుమతి వచ్చినదీ ఆ ఏడాదే. ఔషధమూ అపకీర్తీ జంటగా ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యాయి. తెలుగునాట 'మూతి పేలింది' అని నిస్సంకోచంగా చెప్పుకునే మనిషి వైద్యుని చీటీపై 'హెర్పిస్' అన్న మాట చూసి సిగ్గుతో దాచుకోవడం దాని ఫలితం. 50 ఏళ్ళలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి, మొదటి రకం వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందికి ఉన్నది కళంకమెలా అవుతుందో తెలియదు. తెలుగులో రాసే వైద్యరచయితలు పెదవిపొక్కులకు 'హెర్పిస్' అని మాత్రమే రాసి వదిలివేయడం కంటే 'జ్వరప్పొక్కు' వంటి ఇంటిమాటను పక్కన నిలపడం మేలని నా అభిప్రాయం.

కాని ఇంటిమాటతో ఒక ప్రమాదం ఉంది, దానిని దాటవేయలేం. 'పేలిన' వ్యాధికి ఎవరూ దూరం పాటించరు. పొక్కులో నీరున్న దశలో వైరస్ అత్యధికంగా ఉంటుంది. ఏ పొక్కూ లేని రోజులలో కూడా లాలాజలంలో కొంత వెలువడుతుంది. పెద్దవారికి ఇది చిన్న సంగతే. నవజాతశిశువుకు కాదు. 1935లో అమెరికాలో ఒక నవజాతశిశువు కాలేయంలోనూ అడ్రినల్ గ్రంథులలోనూ ఈ వైరస్ బింబాలను వర్ణించిన నాటి నుంచి ఈ ప్రమాదం వైద్యగ్రంథాలలో ఉంది. జీవితపు తొలి నాలుగు నుంచి ఆరు వారాలలో సోకితే వైరస్ మెదడుకూ కాలేయానికీ పాకవచ్చు. తల్లికి ఎప్పటి నుంచో ఈ వైరస్ ఉంటే ఆమె ప్రతిరక్షకాలు బిడ్డకు కొంత రక్ష. ఆమెకు లేకపోతే, పొక్కుతో ఉన్న ఏ చుట్టం ముద్దయినా ముప్పే. బిడ్డ పాలు తాగకపోవడం, మగతగా ఉండడం, జ్వరం, ఒంటిపై నీటిపొక్కులు కనిపిస్తే గంటలు కూడా జాగు చేయరాదు.

మన ఆచారంలో పురుడు గడిచేదాకా పురిటిగదిలోకి రాకపోకలు తక్కువ. దానికి చెప్పే కారణం మైల, దాన్నే 'అంటు' అనీ అంటాం. పదకొండో రోజున, కొన్ని ఇళ్ళలో ఇరవైఒకటో రోజున, బారసాల జరుగుతుంది. ఆనాడు అంటు తీరుతుంది, బంధువులందరూ వస్తారు, ఉయ్యాలలో వేసే ముందు బిడ్డ చేతులు మారుతుంది, అందరూ ముద్దాడుతారు. ఆ రోజుకు ఆ బిడ్డ వయసు ఇంకా నాలుగు వారాలు దాటలేదు. ప్రయాణపు ఎండకు, అలసటకు మూతి పేలిన మేనమామ ఆ వరుసలో ఉంటే, అది వేడి వల్ల పేలినదని అతనికీ తెలుసు, తక్కిన అందరికీ తెలుసు.